కోడ్ రాకపోయినా బగ్ రిపోర్ట్ చేయొచ్చా? చేస్తే ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏళ్ళ తరబడి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు వాడుతున్నారు. ప్రోగ్రామింగ్ రాదు. ఏదైనా తేడా చేస్తే మూసి మళ్ళీ తెరవడమే అలవాటు. ఒకసారి ధైర్యం చేసి, పీడీఎఫ్ చదివే ప్రోగ్రాములో వచ్చిన బగ్‌ను, అంటే ప్రోగ్రాములోని తప్పును, రిపోర్ట్ చేస్తే రెండు రోజుల్లో 'డూప్లికేట్' అని మూసేశారు. ఆ తర్వాత మళ్ళీ ఆ జోలికి పోలేదు. 'నాలాంటివాళ్ళ వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?' అని అడిగారు.

ఉపయోగం ఉంది, అదీ చాలా. నాకూ కోడ్ రాయడం రాదు. లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. పదకొండేళ్ళుగా, తీరిక దొరికినప్పుడల్లా, ఒక ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి వచ్చే బగ్ రిపోర్టులను సరిచూసే వాలంటీర్లలో ఒకడిగా ఉన్నాను. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. డెవలపర్ కూర్చున్న కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రామ్ బాగానే నడుస్తోంది. చెడిపోయింది మీ దగ్గర. మీ ఫైలు, మీ సెట్టింగులు, మీరు నొక్కిన బటన్ల వరుస ఆయనకు తెలియవు. మీరు చూసినదాన్ని ఆయన తన కళ్ళతో తన కంప్యూటర్‌లో చూసేలా చేయగలిగితే మీ వంతు పని అయిపోయినట్టే. దాన్నే రిప్రొడ్యూస్ చేయడం అంటారు. దీనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఓపిక, పరిశీలన ఉంటే చాలు.

నా మొదటి రిపోర్ట్ సంగతి చెబుతాను. 86 పేజీల నివేదిక ఒకటి తయారు చేశాను. సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే మధ్యలో ఎక్కడో పేజీ నంబర్లు తిరిగి ఒకటి నుంచి మొదలవుతున్నాయి. మర్నాడు పొద్దున్నే అది ఇచ్చేయాలి, టెన్షన్‌లో ఉన్నాను. 'పేజీ నంబర్లు తప్పుగా వస్తున్నాయి, దయచేసి సరిచేయండి' అని ఒక్క వాక్యం రాసి పంపేశాను. రెండు రోజుల తర్వాత ఒక వాలంటీర్ మూడు ప్రశ్నలు అడిగారు. ఏ వెర్షన్? ఏ ఫార్మాట్‌లో సేవ్ చేశారు? సమస్య కనిపించే ఫైలు పంపగలరా?

ఫైలు పంపడానికి వీల్లేదు, అందులో ఆఫీసు లెక్కలున్నాయి. అందుకని ఒక కాపీ తీసుకుని సగం పేజీలు తీసేశాను. సేవ్ చేసి తెరిచాను, సమస్య అలాగే ఉంది. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేశాను. ఈసారి సమస్య పోయింది. అంటే కారణం నేను తీసేసిన సగంలో ఉందన్నమాట. ఒక అడుగు వెనక్కి వేసి, ఆ సగాన్ని ఉంచి రెండో సగాన్ని తీసేశాను. ఇలా ఆరేడు విడతల్లో 86 పేజీలు కాస్తా రెండు పేజీలయ్యాయి. రెండో పేజీ అడ్డంగా తిప్పి పెట్టిన పేజీ. దాని పైఅంచు నుంచే ఒక టేబుల్ మొదలవుతోంది. టేబుల్‌కి ముందు ఒక ఖాళీ లైను పెడితే నంబర్లు సరిగ్గా వస్తున్నాయి, ఆ లైను తీసేస్తే చెడిపోతున్నాయి. అది కనిపించిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. టేబుల్‌లో ఉన్న అంకెలన్నీ చెరిపేసి అ ఆ ఇ ఈ అని నింపాను. అయినా బగ్ వస్తోంది. ఇక ఆ ఫైలు ఎవరికి పంపినా ఇబ్బంది లేదు.

అప్పుడు రాసిన రెండో రిపోర్ట్ ఇంచుమించు ఇలా ఉంది (డాక్ఎక్స్ అంటే మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫార్మాట్, ఓడీటీ అంటే ఓపెన్ సోర్స్ ఆఫీస్ ప్రోగ్రాముల ఫార్మాట్):

శీర్షిక: పేజీ మొదట్లోనే టేబుల్ ఉంటే, డాక్ఎక్స్‌గా సేవ్ చేసి తెరిచాక ఆ పేజీ నంబర్ 1 అవుతోంది

ఎలా వస్తుంది:
1. జత చేసిన రెండు పేజీల ఫైలు తెరవండి. రెండో పేజీ కింద '2' అని ఉంటుంది.
2. డాక్ఎక్స్ ఫార్మాట్‌లో సేవ్ చేసి, మూసేయండి.
3. సేవ్ చేసిన ఫైలు తెరిచి రెండో పేజీ కింద చూడండి.

రావాల్సింది: 2
వస్తున్నది: 1

ప్రతిసారీ వస్తోంది. టేబుల్‌కి ముందు ఖాళీ లైను ఉంటే రావడం లేదు. ఓడీటీగా సేవ్ చేస్తే రావడం లేదు. ఇంతకుముందరి వెర్షన్‌లో ఈ సమస్య లేదు.

కింద వెర్షన్ వివరాలు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు పెట్టాను. అంతే. ఇంగ్లిష్‌లో రాశాను కానీ చిన్న చిన్న వాక్యాలే. ఆ తర్వాత ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తర్వాతి విడుదలల్లో ఒకదానిలో ఆ బగ్ పోయింది.

రిపోర్ట్‌లో 'రావాల్సింది, వస్తున్నది' అని విడివిడిగా రాయడం చాదస్తంలా అనిపించొచ్చు. కానీ మీరు తప్పనుకున్నది అవతలి మనిషికి తప్పుగా కనిపించకపోవచ్చు. 'ప్రింట్ సరిగ్గా రావడం లేదు' అంటే అంచులు తెగిపోతున్నాయా, రంగు మారుతోందా, అసలు కాగితమే బయటికి రావడం లేదా? మీకు కళ్ళెదుట ఉన్నది చదివేవాళ్ళకు లేదు. శీర్షికకు కూడా అంతే ప్రాధాన్యం ఉంది. 'అర్జెంట్', 'పని చేయడం లేదు' లాంటి శీర్షికలు పెట్టొద్దు. రేపు ఇదే సమస్య వచ్చిన ఇంకొకరు వెతుకుతారు. వాళ్ళు ఏ మాటలు టైప్ చేస్తారో ఆ మాటలు శీర్షికలో ఉండాలి.

ఎర్రర్ మెసేజ్ వస్తే దాన్ని మీ మాటల్లో చెప్పకుండా అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టండి. స్క్రీన్‌షాట్ మంచిదే, కానీ దాంతోపాటు ఆ అక్షరాలు కూడా ఉంటే వెతికినప్పుడు దొరుకుతాయి. ఒక రిపోర్ట్‌లో ఒకే బగ్ రాయండి. మూడు సమస్యలు కలిపి రాస్తే, ఒకటి సరిచేశాక దాన్ని మూసేయాలో ఉంచాలో ఎవరికీ తెలియదు. బగ్ ఎందుకు వస్తోందో మీకేదైనా ఊహ ఉంటే చివర్లో రాయండి, ఊహ అని చెప్పి రాయండి. చూసినదాన్ని, అనుకున్నదాన్ని కలిపేయొద్దు.

రిపోర్ట్ పెట్టే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో కూడా సమస్య ఉందా అనేది మొదటిది. తర్వాత, మీ సెట్టింగుల వల్ల వస్తోందా అనేది. ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్ ఉంది. ఈ రెండూ ఎక్స్‌టెన్షన్లూ (ప్రోగ్రామ్‌కి అదనంగా చేర్చుకున్నవి) మీ సొంత మార్పులూ పక్కన పెట్టి ప్రోగ్రామ్‌ను నడుపుతాయి. అక్కడ సమస్య రాకపోతే ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా మళ్ళీ ఆన్ చేస్తూ పోండి, కారకుడు దొరికిపోతాడు. అప్పుడు రిపోర్ట్ వెళ్ళాల్సింది ఆ ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్ళకు. వెర్షన్ వివరాల కోసం లిబ్రేఆఫీస్‌లో అబౌట్ విండోలోనే కాపీ బటన్ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలో 'మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' అనే పేజీ ఉంటుంది. 'లేటెస్ట్ వెర్షన్' అని మాత్రం రాయొద్దు. ఆర్నెల్ల తర్వాత చదివేవాళ్ళకు ఆ మాటకు అర్థం ఉండదు.

ఎక్కడ రిపోర్ట్ చేయాలన్నది కొత్తవాళ్ళను తికమక పెడుతుంది. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో చోటు ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కోసం 1998లో పుట్టిన బగ్‌జిల్లా అనే ట్రాకర్‌ను (బగ్ రిపోర్టులు నమోదయ్యే చోటును) ఫైర్‌ఫాక్స్, లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు కేడీఈ, లిబ్రేఆఫీస్ ఇప్పటికీ వాడుతున్నాయి. గ్నోమ్ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు 2018లో గిట్‌ల్యాబ్‌కి మారింది. చాలా చిన్న ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో ఉంటాయి. డెబియన్ అనే లినక్స్ రకానికి ఈమెయిల్ ద్వారానే రిపోర్ట్ వెళ్తుంది. దానికి రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రామ్ ఒక్కో ప్రశ్నా అడుగుతూ మీ చేత రిపోర్ట్ రాయిస్తుంది. మీరు లినక్స్‌లో ఉంటే ఇంకో సంగతి: ప్రోగ్రామ్ రాసేవాళ్ళు వేరు, దాన్ని ప్యాకేజీ చేసి మీకు అందించే డిస్ట్రిబ్యూషన్ వేరు. మీ దగ్గరున్నది రెండేళ్ళ నాటి ప్యాకేజీ అయితే అసలు రచయితలు 'ముందు కొత్తదాంట్లో చూడండి' అంటారు, అది న్యాయమే. అదే ప్రోగ్రామ్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా (డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీతో సంబంధం లేకుండా ప్రోగ్రామ్ వేసుకునే పద్ధతి) వేసుకుని చూడండి. అక్కడా సమస్య ఉంటే అసలు ప్రాజెక్టుకే రాయండి, లేకపోతే డిస్ట్రిబ్యూషన్‌కి రాయండి. పొరపాటున తప్పు చోట రాసినా ఎవరో ఒకరు దారి చూపిస్తారు. ఆ భయంతో ఆగిపోవద్దు.

ఇప్పుడు మామూలు యూజర్లు చేయగలిగినవాటిలో అన్నిటికన్నా విలువైనదని నేననుకునే పని చెబుతాను. 'ముందు బాగుండేది, ఇప్పుడు చెడింది' అనే రకం బగ్గులను రిగ్రెషన్ అంటారు. ఏ రోజు చెడిందో తెలిస్తే, ఆ రోజు కోడ్‌లో జరిగిన మార్పులు ఏవో చూస్తే చాలు, కారణం చాలావరకు బయటపడుతుంది. ఆ రోజును కనిపెట్టడానికి కోడ్ చదవక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌కి మోజ్‌రిగ్రెషన్ అనే పనిముట్టు ఉంది. బాగున్న తేదీ ఒకటి, చెడిన తేదీ ఒకటి ఇస్తే, మధ్యలో ఉన్న బిల్డ్‌ను (ఆ రోజు తయారైన ప్రోగ్రామ్‌ను) డౌన్‌లోడ్ చేసి తెరిచి చూపిస్తుంది. మీరు బగ్ ఉందో లేదో చూసి 'గుడ్' అనో 'బ్యాడ్' అనో చెప్పాలి. వెంటనే మిగిలిన సగంలో నడిమిది తెస్తుంది. నా 86 పేజీల ఫైలును సగం సగం చేసిన పద్ధతే ఇది, ఇక్కడ పేజీల బదులు రోజులు. వెయ్యి బిల్డులున్నా పదిసార్లు చూస్తే ఒక్కదగ్గరికి వచ్చేస్తాం. లిబ్రేఆఫీస్‌లో దీన్నే బైబిసెక్ట్ అంటారు. పాత బిల్డులన్నీ ఒకచోట పేర్చిన పెద్ద డౌన్‌లోడ్ ఉంటుంది, కొన్ని కమాండ్లు నేర్చుకోవాలి. మా బృందంలో ఈ పని చేసేవాళ్ళలో ప్రోగ్రామర్లు కానివాళ్ళు ఉన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని 'ఫలానా మార్పు తర్వాతే ఇది మొదలైంది' అని రాస్తే, ఏళ్ళుగా కదలని బగ్‌లో కదలిక రావడం నేను చాలాసార్లు చూశాను. ఆ మార్పు చేసిన డెవలపర్‌ని మర్యాదగా ఆ రిపోర్ట్‌లో చేరుస్తారు. తను కోడ్‌లో ఏ లైను మార్చారో ఆయనకే బాగా తెలుస్తుంది కదా.

ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోయే క్రాష్‌ల విషయం కొంచెం వేరు. క్రాష్ జరిగిన క్షణంలో ప్రోగ్రామ్ లోపల ఏ పని మధ్యలో ఉందో చూపించే జాబితాను బ్యాక్‌ట్రేస్ అంటారు. అది లేకుండా 'క్రాష్ అయింది' అంటే ఎక్కడ వెతకాలో తెలియదు. ఫైర్‌ఫాక్స్‌లో క్రాష్ తర్వాత వచ్చే విండోలో 'పంపండి' అన్నదాన్ని మూసేయకుండా నొక్కితే దానికో నంబర్ వస్తుంది, ఆ నంబర్‌ను రిపోర్ట్‌లో పెట్టండి. కేడీఈ ప్రోగ్రాములకు డాక్టర్ కాంకీ అనే సహాయకుడు ఉన్నాడు, బ్యాక్‌ట్రేస్ తీసి రిపోర్ట్ దాకా తనే తీసుకెళ్తాడు. వీఎల్‌సీలో వీడియో ఆడకపోతే టూల్స్ మెనూలో మెసేజెస్ విండో తెరిచి, వెర్బోసిటీని 2 చేసి, వీడియోను మళ్ళీ నడిపి, వచ్చిందంతా ఒక ఫైలులో సేవ్ చేసి జత చేయండి.

అయితే జత చేసే ముందు ఆగండి. ఈ ట్రాకర్లు చాలావరకు ప్రపంచం మొత్తానికీ కనిపిస్తాయి, అక్కడ పెట్టింది పూర్తిగా చెరిపించడం కష్టం. లాగ్ ఫైలులో (ప్రోగ్రామ్ తను చేసిన పనులు రాసుకునే ఫైలులో) మీ యూజర్ పేరు, ఫోల్డర్ల పేర్లు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌లు కూడా ఉండొచ్చు. ఒకసారి ఆసాంతం చదివి, అవసరం లేనివి మార్చేసి పంపండి.

సెక్యూరిటీ బగ్ అని అనుమానం వస్తే బహిరంగంగా అసలు రాయొద్దు. వేరేవాళ్ళ డేటా మీకు కనిపించినా, పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్ళగలిగినా, ప్రాజెక్టు పేజీలో సెక్యూరిటీ అనే పేరుతో ప్రత్యేక చిరునామా ఉంటుంది, అక్కడికి పంపండి. సరిచేసే లోపు దాన్ని వాడుకునేవాళ్ళు ఉంటారు. ఇలాంటివి పెద్ద నిపుణులకే కనిపిస్తాయని అనుకోవద్దు, అవి బయటపడేది చాలాసార్లు ఒక చిన్న తేడాను పట్టించుకోవడంతోనే. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తన డెబియన్ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. దాన్ని వదలకుండా తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిపెట్టిన దొడ్డిదారి బయటపడింది. ముందు డెబియన్ సెక్యూరిటీ బృందానికి విడిగా చెప్పారు, మార్చి 29న లోకానికి చెప్పారు. ఆయన అనుభవజ్ఞుడైన ప్రోగ్రామరే, తవ్వడానికి ఆ నైపుణ్యం అక్కరకొచ్చింది. కానీ అర సెకనును గమనించడానికి కావలసింది శ్రద్ధ, అది మీకూ ఉంది.

రిపోర్ట్ పెట్టాక ఏమవుతుంది? కొన్నిసార్లు గంటలో జవాబు వస్తుంది, కొన్నిసార్లు నెలలు గడిచినా రాదు. చూసేవాళ్ళు తక్కువ, వచ్చే రిపోర్టులు ఎక్కువ. మౌనాన్ని అవమానంగా తీసుకోవద్దు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మళ్ళీ పరీక్షించి 'ఈ వెర్షన్‌లోనూ ఉంది' అని ఒక వాక్యం రాయండి, అది నిజంగా పనికొచ్చే వ్యాఖ్య. 'నాకూ ఇదే సమస్య', 'ఎప్పుడు సరిచేస్తారు' లాంటివి రాస్తే ఆ రిపోర్ట్‌ను అనుసరించే అందరికీ ఒక్కో ఈమెయిల్ వెళ్తుంది. చాలా ట్రాకర్లలో ఓటు వేసే బటనో, బొటనవేలి గుర్తో ఉంటుంది, అది వాడండి. స్టేటస్ 'నీడ్‌ఇన్ఫో' (ఇంకా వివరాలు కావాలి) అయితే బంతి మీ కోర్టులో ఉన్నట్టు, త్వరగా జవాబివ్వండి. నేను చూసిన మంచి రిపోర్టుల్లో ఎన్నో ఇక్కడే ఆగిపోయాయి. ఎవరో ప్రశ్న అడిగారు, రాసినవాళ్ళు ఆ ఈమెయిల్ చూడలేదు, కొన్నాళ్ళకు వివరాలు చాలవని మూసేశారు. 'వర్క్స్ ఫర్ మీ' అంటే మీరు అబద్ధం చెప్పారని కాదు, వాళ్ళ దగ్గర రావడం లేదని. రావడానికి కావలసినదేదో ఇంకా రిపోర్ట్‌లోకి రాలేదు, దాన్ని వెతకండి. 'వోంట్ ఫిక్స్' (దీన్ని సరిచేయం) మాత్రం బాధగానే ఉంటుంది. ఒకసారి మీ కారణం స్పష్టంగా చెప్పండి, తర్వాత వదిలేయండి.

ఈ మధ్య ఏఐ చేత రిపోర్ట్ రాయించి పంపడం పెరిగింది. దయచేసి ఆ పని చేయొద్దు. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ ప్రాజెక్టు నడిపే డేనియల్ స్టెన్‌బెర్గ్ అలాంటి ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులు తమ సమయాన్ని ఎలా తినేస్తున్నాయో 2024 నుంచీ రాస్తూనే ఉన్నారు. మీ ఇంగ్లిష్ దిద్దించుకోవడానికి వాడుకోండి, తప్పులేదు. మీరు చూడని విషయం ఒక్కటి కూడా అందులో చేరకుండా చూసుకోండి.

సొంత బగ్గులు లేకపోయినా చేయడానికి పని ఉంది. నిజం చెప్పాలంటే కొత్తవాళ్ళకు నేను ముందు ఇదే చెబుతాను. బగ్‌జిల్లా వాడే పెద్ద ప్రాజెక్టుల్లో 'అన్‌కన్ఫర్మ్‌డ్' (ఇంకా నిర్ధారించని) స్టేటస్‌లో వేరేవాళ్ళ రిపోర్టులు కుప్పగా ఉంటాయి. ఒకటి తెరవండి. అందులో చెప్పినట్టు మీ కంప్యూటర్‌లో చేసి చూడండి. వస్తే 'నా దగ్గరా వస్తోంది' అని మీ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ రాయండి. రాకపోతే అదీ రాయండి. పదిహేను నిమిషాల పని. ఒక్కరి మాటగా ఉన్నది ఇద్దరి మాట అయితే డెవలపర్ దాన్ని నమ్మి సమయం పెట్టగలరు. పైగా వేరేవాళ్ళ రిపోర్టులు నాలుగు చదివితే ఏది పనికొస్తుందో, ఏది రాదో మీకే తెలిసిపోతుంది. తర్వాత విడుదలకు ముందు వచ్చే బీటాలు పరీక్షించొచ్చు. లిబ్రేఆఫీస్ ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో పెద్ద విడుదల చేస్తుంది, దానికి ముందు నెలల్లో దొరికిన బగ్ ఎవరినీ ఇబ్బంది పెట్టకముందే పోతుంది. మీ రోజువారీ ఫైళ్ళ కాపీలతో పరీక్షించండి, అసలు ఫైళ్ళతో వద్దు.

మన లిపి తెలిసినవాళ్ళు మాత్రమే చేయగల పని ఒకటి మిగిలిపోయింది. ఒత్తులు, గుణింతాలు తెర మీద ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ను ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ వాడతాయి. అందులో 'లక్ష్మి' విడిపోయి కనిపిస్తే, తెలుగు రాని డెవలపర్‌కి అది తప్పని కూడా తెలియదు. కాబట్టి బొమ్మ ఒక్కటే పెట్టకుండా ఆ పదాన్ని టెక్స్ట్ ఫైలులో జత చేయండి, ఫాంట్ పేరు చెప్పండి, సరైన రూపం ఎలా ఉండాలో పక్కన ఇంకో బొమ్మ పెట్టి తేడా ఉన్నచోట సున్నా చుట్టండి. అదే ప్రోగ్రామ్‌లో వేరే ఫాంట్‌తోనూ, అదే ఫాంట్‌తో వేరే ప్రోగ్రామ్‌లోనూ చూడండి. తప్పు ఫాంట్‌తోపాటే వస్తుంటే ఫాంట్ తయారుచేసినవాళ్ళకు రాయాలి, ప్రోగ్రామ్‌తోపాటు వస్తుంటే ఆ ప్రోగ్రామ్‌వాళ్ళకు.

ఇక మీ పీడీఎఫ్ బగ్. డూప్లికేట్ అంటే మీరు చూసింది నిజమని, మీకన్నా ముందు ఇంకొకరు కూడా చూశారని. మీ శ్రమ వృథా కాలేదు, రెండు రిపోర్టులూ ఇప్పుడు ముడిపడి ఉన్నాయి. మూసేసిన మీ రిపోర్ట్‌లో అసలు బగ్ నంబర్ లింకు ఉంటుంది. దాన్ని తెరిచి మొదటి నుంచి చదవండి. అక్కడ ఎవరూ నమూనా ఫైలు పెట్టకపోయి ఉంటే మీది పెట్టండి. మీ సమస్య నిజంగా వేరని అనిపిస్తే, ఏ అడుగు దగ్గర తేడా వస్తోందో అక్కడే రాయండి. డూప్లికేట్ అని గుర్తించినవాళ్ళూ పొరబడొచ్చు, సరైన కారణం చూపిస్తే మళ్ళీ తెరుస్తారు. అసలు బగ్‌ను ఇప్పటికే సరిచేసి ఉంటే ఏ వెర్షన్‌లో అని చూసి, అది వేసుకుని, పోయిందో లేదో ఒక్క మాట రాయండి.